నాలుగు ప్రశ్నార్థకాలు

ఆ రోజుల్లో కంప్యూటర్లు ఇప్పటంత చురుగ్గా ఉండేవి కావు, అందుకని మాకు పగటి కలలు కనడానికి బోలెడు తీరిక దొరికేది. పని ఒకటి చెప్పి కూర్చుంటే, అది ఆలోచించుకుని చేసేలోగా మనం కిటికీలోంచి చూస్తూ ఎక్కడెక్కడో తిరిగి రావచ్చు. నోయిడాలో మా ఆఫీసు కిటికీ పక్కనే ఒక బూరుగ చెట్టు ఉండేది. చలికాలం వెళ్ళిపోయే వేళకు దాని ఆకులన్నీ రాలి, కొమ్మల మీద ఎర్రటి పూలు మాత్రం మిగిలేవి. ఉద్యోగంలో చేరిన మొదటి ఆర్నెల్లలో ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, జావా కొద్దిగా, ఆ చెట్టు పూర్తిగా అని చెప్పాలి. (ఈ సంగతి బయోడేటాలో ఎప్పుడూ రాయలేదు.)

మాది భీమవరం. పిన్ని వాళ్ళు ఘాజియాబాద్‌లో ఉండేవారు, బాబాయిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. నాకు నోయిడాలో ఉద్యోగం అనగానే నాన్న మొహం ముడుచుకున్నారు. చివరికి పిన్ని ఫోన్లో పూచీ పడితే, ఒక షరతు మీద ఒప్పుకున్నారు. "ఆర్నెల్లు చూద్దాం. వాళ్ళు పర్మనెంట్ చేస్తే సరే. చెయ్యకపోతే మారు మాట్లాడకుండా వచ్చెయ్యి, బీఎడ్‌లో చేరుదువుగాని" అన్నారు. బీఎడ్ మీద నాకేం కోపం లేదు. కానీ పొద్దున్నే వైశాలిలో మెట్రో ఎక్కి, యమునా బ్యాంక్‌లో బండి మారి, అద్దానికి తల ఆనించుకుని ఆఫీసుకు వెళ్ళే ఆ ప్రయాణం మీద నాకు చెప్పలేనంత ఇష్టం పుట్టింది. (బండి మారడం మరిచిపోయి, యమున దాటి ఢిల్లీ నడిబొడ్డుకు వెళ్ళిపోయిన రోజులూ ఉన్నాయి.) ఫలానా వారి అమ్మాయి అని నన్ను ఎవరూ గుర్తుపట్టని ఊరు అది. దాన్ని వదిలి వెళ్ళడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రం పిన్ని అడిగిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. "శ్రీ రాశావుటే?" అంది. మా ఇంట్లో ఉత్తరమైనా, సరుకుల చీటీ అయినా, పరీక్ష పేపరైనా పైన శ్రీ పడకుండా మొదలయ్యేది కాదు. ఇక్కడ కాగితాలుండవు పిన్నీ, అంతా కంప్యూటర్లోనే అన్నాను. "అయితే ఆ పెట్టెలోనే ఓ మూల రాయి. ఎవరొద్దన్నారు?" అంది. మాటలో న్యాయం ఉంది. నేను తయారుచేసే ప్రతి ఫైలుకూ పైన కంపెనీ వాళ్ళ హక్కుల ప్రకటన ఒక పెద్ద పేరాగా ఉండేది. ఎవరూ చదవరు కాబట్టి కంప్యూటరే దాన్ని మడిచి ఒక్క వరుసగా చూపించేది. ఆ మడతలో మొదటి వరుసలో శ్రీ రాయడం మొదలుపెట్టాను. కొత్త ఫైళ్ళు పెరిగేకొద్దీ ఒక్కోసారి మరిచిపోయేదాన్ని, మరిచిపోయిన రోజు మనసు పీకేది. ఇంజనీరింగ్ చదివిన దాన్ని కదా, చివరికి ఒక చిన్న ప్రోగ్రాం రాసి పెట్టాను. బిల్డు జరిగిన ప్రతిసారీ అది ఫైళ్ళన్నీ చూస్తుంది, పైన శ్రీ లేకపోతే రాస్తుంది. అలా భక్తిని కూడా ఆటోమేటిక్ చేసేసి నిశ్చింతగా చెట్టు వైపు తిరిగాను.

బిల్డు అంటే తెలియని వారికి ఓ మాట చెప్పాలి. మేం రాసింది కంప్యూటర్ తనకు అర్థమయ్యేలా కూర్చుకోవడాన్ని బిల్డు అంటారు. మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో అది దానంతటదే జరిగేది. ఫైల్లో ఒక్క అక్షరం మారినా గమనించి, మళ్ళీ మొదటినుంచి కూర్చుకునేది. తెర కింద కుడి మూలన ఒక పచ్చటి గీత నిండుతూ ఉంటుంది, నిండగానే మాయమవుతుంది. సరిగ్గా నా ఆర్నెల్ల గడువు ముగిసే వారంలో, ఆ గీత మాయమవడం మానేసింది. నిండుతుంది, వెంటనే ఖాళీ అయి మళ్ళీ నిండుతుంది. టీ తాగి వచ్చినా నిండుతూనే ఉంది, భోజనం చేసి వచ్చినా నిండుతూనే ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంటే ఏదో సముద్రం ఒడ్డున ఉన్నట్టుండేది. భయపడాల్సిన చోట నాకు కమ్మగా నిద్ర వచ్చేది.

నా పక్క సీటులో మా సీనియర్ ఒకాయన ఉండేవారు. వరంగల్ ఆయన కాబట్టి వరంగల్ అన్న అనేదాన్ని. "ఏందమ్మా, ఇంకా తిరుగుతనే ఉన్నదా?" అని కుర్చీ జరుపుకుని వచ్చేవారు. "అంత క్లీన్ చేసి మళ్ల పెట్టు. గప్పుడు సక్కగైతది." క్లీన్ చేశాను, కాలేదు. సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తగా ఎక్కించాను, కొత్తది కూడా పాత పాటే అందుకుంది. వైరస్ ఉందేమోనని వెతికించాం, ఏమీ దొరకలేదు. ఇంట్లో పిన్నికి చెప్పుకుంటే, "బిల్డింగేనా? ఘాజియాబాద్‌లో బిల్డింగులు అంతేనే. మన వెనక వీధిలోది మేం వచ్చినప్పటినుంచీ కడుతూనే ఉన్నారు" అని నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. చివరికి వరంగల్ అన్న, "ఆ ఆటోమేటిక్ ముచ్చటనే బంద్ పెట్టు. చేతితోని ఒక్కసారి బిల్డు చెయ్, అయిపాయె" అన్నారు. అలాగే చేశాను. గీత ఒక్కసారి నిండి బుద్ధిగా ఆగింది. జబ్బు తగ్గలేదు, రోగి నోరు మూశామంతే, అయినా మాకు పండగలాగే అనిపించింది.

ఇక్కడ మా టీం లీడర్ గురించి చెప్పాలి. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన మనిషి. ఏం చెప్పినా ఠీక్ హై అంటారు కాబట్టి మాలో మేం ఠీక్ హై సర్ అనుకునేవాళ్ళం. టక్కున అంటే నిజంగానే బాగుందని, సాగదీసి అంటే కొంప మునిగిందని అర్థం. శుక్రవారం నా పని ఆయన పైవాళ్ళకు చూపించాలి, అది చూశాకే నన్ను ఉంచాలో పంపాలో తేలుస్తారు. గురువారం మధ్యాహ్నం ఆయన నా ఫైళ్ళన్నీ తన కంప్యూటర్లోకి తీసుకున్నారు. ఆయన దాంట్లో ఆటోమేటిక్ బిల్డు బంద్ పెట్టి లేదు. పచ్చగీత నిండింది, ఖాళీ అయింది, మళ్ళీ నిండింది. జలుబు అంటుకున్నట్టు నా రోగం ఆయనకూ అంటుకుంది. ఆయన కాసేపు దాన్నే చూసి, "ఠీ...క్ హై" అన్నారు. ఇంత పొడవు ఠీక్ హై నేనెప్పుడూ వినలేదు. నా కళ్ళ ముందు బీఎడ్ కాలేజీ గేటు కనిపించింది.

"యే క్యా హై?" ఇదేమిటి అంటూ ఆయన తెర మీద వేలు పెట్టారు. మడిచి ఉన్న మొదటి వరుసకు ఎడమ పక్క ఒకటో నంబరు ఉంది. దాని కిందే ఉన్న, నేను రాసిన అసలు కోడు మొదటి వరుస నంబరు మాత్రం ఎన్నో వేలల్లో ఉంది. ఆ మధ్యలో ఏముందోనని ఆయన మడత విప్పారు. ప్రశ్నార్థకాలు. వరుసకు నాలుగు చొప్పున, కిందికి జరిపేకొద్దీ ఇంకా ప్రశ్నార్థకాలు, మేం చూస్తుండగానే పైన ఇంకో వరుస వచ్చి చేరింది. "ఇత్‌నే సవాల్?" ఇన్ని ప్రశ్నలా, నీ ప్రోగ్రాంకి ఇన్ని సందేహాలేంటి అని నా వైపు తిరిగారు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ శ్రీ ప్రోగ్రాం పెట్టిన వారమే గీత ఆగడం మానేసింది. ఆ కంప్యూటర్లు తెర మీద తెలుగు చూపించినా, ఫైల్లో దాచుకోవడం వాటికి రాదు. మనం శ్రీ అని ఒక్క అక్షరం అనుకుంటాం కానీ లోపల అది నాలుగు ముక్కలు. రాని ముక్క ఎదురైనప్పుడల్లా అది ఒక ప్రశ్నార్థకం రాసి ఊరుకుంటుంది. నా ప్రోగ్రాం వచ్చి చూస్తుంది, శ్రీ ఎక్కడా కనపడదు, అయ్యో అని మళ్ళీ రాస్తుంది. ఫైలు మారింది కదా అని బిల్డు మళ్ళీ మొదలవుతుంది. బిల్డు మొదలైంది కదా అని నా ప్రోగ్రాం మళ్ళీ చూస్తుంది. నా వచ్చీరాని హిందీలో పిన్నితో సహా అంతా చెప్పాను. ఇంత పిచ్చి పని చేసిన పిల్లని ఎవరు ఉంచుకుంటారు అనుకుంటూనే చెప్పాను.

సర్ నవ్వలేదు. తిట్టలేదు కూడా. "మేరీ నానీ భీ," అన్నారు, ఎటో చూస్తూ. వాళ్ళ అమ్మమ్మ కూడా ఏ కాగితం మీదైనా ముందు ఓం రాసేదట. ఆ చెత్త వరుసలన్నీ తుడిచేసి, సెట్టింగుల్లోకి వెళ్ళి, అన్ని భాషల అక్షరాలూ దాచుకోగల ఏర్పాటు ఒకటి ఎంచుకున్నారు. బిల్డు ఒక్కసారి నడిచింది. పైన శ్రీ వచ్చింది, గుండ్రంగా, నిండుగా, మా పిన్ని రాసినంత ముచ్చటగా. అది మారింది కదా అని ఇంకోసారి నడిచింది. ఈసారి నా ప్రోగ్రాంకి శ్రీ కనపడింది, చేసే పని లేక ఊరుకుంది. పచ్చగీత నిండి మాయమైంది. ఆ ప్రోగ్రాం తీసేయమంటారేమోనని చూశాను. "రహ్‌నే దో," ఉండనీ అన్నారు, టక్కున.

శుక్రవారం గడిచింది. సోమవారం పొద్దున మెయిల్ తెరిస్తే సర్ పేరుతో ఒకటుంది. మొదటి వరుసలో నాలుగు ప్రశ్నార్థకాలు, ఆ వరుసలో ఇంకేమీ లేదు. నా మీద ఇంకా ఇన్ని అనుమానాలా అనుకున్నాను. కింద చదివితే, నా ఉద్యోగం పర్మనెంట్ అయిందని ఉంది. మళ్ళీ పైకి చూశాను, మళ్ళీ కిందికి చూశాను. అప్పుడు అర్థమై, ఆయన సీటు దగ్గరికి పరుగెత్తాను. "శుభ్ కామ్ హై నా," అన్నారు ఆయన, కొంచెం సిగ్గుపడుతూ. "తుమ్హారీ ఫైల్ సే కాపీ కియా. ఠీక్ ఆయా?" శుభకార్యం కదా, నీ ఫైల్లోంచే తీసి పెట్టాను, సరిగ్గా వచ్చిందా అని. మా ఆఫీసు మెయిలుకు ఇంకా తెలుగు రాలేదని ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. "బిల్కుల్ ఠీక్ హై, సర్" అన్నాను. ఆ సాయంత్రం పిన్ని అడగనే అడిగింది, పర్మనెంట్ కాగితం మీద వాళ్ళైనా శ్రీ రాశారా అని. రాశారు పిన్నీ అన్నాను.

ఇప్పుడు నేనే ఒక టీముకు లీడర్ని. బిల్డు కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది, కిటికీ వైపు తల తిప్పే వ్యవధి కూడా ఇవ్వదు. ఇప్పటి ఆఫీసు కిటికీలోంచి చెట్లు కనపడవు కూడా. మెట్రోలో ఒక్కోసారి అద్దానికి తల ఆనించుకుని నిద్రపోయే అమ్మాయిని చూస్తే, యమునా బ్యాంక్ వస్తోంది లేమ్మా అని చెప్పాలనిపిస్తుంది, చెప్పను. మా టీం పిల్లలు పాత ఫైళ్ళు శుభ్రం చేస్తూ, "మేడమ్, ఇక్కడేదో చెత్త ఉంది, తీసేయమంటారా?" అని అప్పుడప్పుడు అడుగుతుంటారు. తీసేయండి అంటాను. కానీ వరుసగా నాలుగు ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం, నాకు తెలియకుండానే చెయ్యి లేచి వాటిని కళ్ళకద్దుకుంటుంది.