బంద్ సాయంత్రం, దిల్‌సుఖ్‌నగర్‌లో తేలికైన ల్యాప్‌టాప్ కోసం

ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కి కూడా ఒక ప్రయాణ అనుభవమా అని నవ్వేవాళ్ళు నవ్వండి. సమ్మె మొదలయ్యాక ఈ ఊళ్ళో నాలుగు కిలోమీటర్లూ యాత్రే. మా ఆయన చిట్యాలలో లెక్చరర్. తెలంగాణ కోసం సమ్మెలో ఉన్నాడు, ఒక్క పూట కూడా శిబిరం వదలడు. నేను ఇక్కడ ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తాను. నా పనంతా బల్లమీది కంప్యూటర్లోనే. బస్సులు ఆగిపోయాక మనిషిని చూడనే లేదు. ఫోన్లో గొంతు వింటే బెంగ తగ్గడం మాని పెరుగుతోంది. తేలికైన ల్యాప్‌టాప్ ఒకటుంటే ఆదివారం కొంత ఆటోలో, కొంత లారీలో, మిగతాది నడిచి ఎలాగో చేరుకుని, పని అక్కడే చేసుకోవచ్చు. ఖరీదైనా సరే కొనేద్దామని బయల్దేరాను.

బంద్ రోజు దుకాణాలు సాయంత్రం ఆరు తర్వాతే తెరుస్తారు. ఐదున్నరకి రింగురోడ్డు దగ్గర షేర్ ఆటో దొరికింది. మామూలుగా పది రూపాయలు, ఆ రోజు ముప్ఫై.

"గీ టైంల ఏం కొంటవ్ అక్కా? సగం షట్టర్ లేపి లోపల్నుంచి తొంగి చూస్తుంటరు" అన్నాడు డ్రైవరు.

"పర్లేదు, వంగి దూరతాను" అన్నాను. చైతన్యపురి దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు. "జల్ది తెలంగాణ ఒస్తే మంచిగుండు. గిరాకీ గూడ ఒస్తే ఇంకా మంచిగుండు" అని దింపాడు.

నిజంగానే వంగి దూరాను. షాపాయన కృష్ణా జిల్లా మనిషని మాటలోనే తెలిసిపోయింది. "రండమ్మా, పొద్దుటినుంచీ మూసే ఉంది. మీదే బోణీ. ఉత్త చేతుల్తో మాత్రం వెళ్ళకండి" అన్నాడు. రెండు చూపించాడు, ధర ఇంచుమించు ఒకటే. ఒకటి పలకలా పల్చగా ఉంది, కిలోకి కాస్త పైన. రెండోది అరకిలో ఎక్కువ, కానీ బ్యాటరీ మార్చుకోవచ్చు, ఇంకోటి అదనంగా ఇస్తాడు. నా బ్యాగులో రెండు జతల బట్టలు, నీళ్ళ సీసా ముందే సర్దుకుని వెళ్ళాను. ఒక్కోటీ అందులో పెట్టి భుజాన వేసుకుని షాపులో అటూ ఇటూ నడిచాను. పల్చటిది ఉన్నట్టే లేదు. మనసు దానిమీదే పడింది. కానీ చిట్యాలలో కరెంటు సంగతి? రేపొస్తానందామంటే బోణీ బేరం చెడగొట్టిన పాపం. ఆయనకి ఫోన్ చేశాను.

"కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో తెల్వది. రెండు బ్యాటరీలదే తీస్కో" అన్నాడు.

"మోసుకుంటూ నడవొద్దూ?"

"నడుసుడేంది? చౌటుప్పల్ దాక ఎట్లనన్న రా. ఆడికి నేను బండేసుకొని ఒస్త. బ్యాగు నేను మోస్త."

"మరి శిబిరం?"

"ఒక్క పూట నేను లేకుంటే శిబిరం కూలిపోదు. నువ్వెన్నడన్న రమ్మన్నవా?"

షాపాయన కావాలనే అటు తిరిగి డబ్బాలు సర్దుతున్నాడు. కళ్ళు తుడుచుకుని బరువుదే ఇమ్మన్నాను. కార్డు గీసి, రసీదు కళ్ళకద్దుకుని ఇచ్చాడు.

దారంతా ఒక్కదాన్నే అనుకున్నంతసేపే ఆ అరకిలో అంత పెద్దదిగా కనబడింది. ఆదివారం ఇంకా రాలేదు. బ్యాగు మాత్రం గుమ్మం పక్కనే ఉంది, రెండు బ్యాటరీలూ నిండుగా ఉన్నాయి. మీరూ ఇలాంటిది కొనబోతుంటే ఒక్క మాట: సర్దిన బ్యాగు వెంట తీసుకెళ్ళి, అందులో పెట్టి నడిచి చూడండి. దానికన్నా ముందు, మీరు దిగేచోటికి ఎవరైనా వస్తారేమో అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు.