మూడు బంతులు

ఒడిశా మహిళా ఫుట్‌బాల్ జట్టుకు ఆరేళ్లు కెప్టెన్‌గా ఆడిన నూకరత్నం, ఇప్పుడు రోజూ పొద్దున్నే మోకాలికి పట్టీ కట్టుకుని ఆట నేర్పడానికి లంజిపల్లి మైదానానికి వస్తుంది. ఆమెను చూసి ఆట మొదలుపెట్టిన ఆడపిల్లలు నలభైమంది ఉన్నారు. వాళ్లలో ఒకరైన సస్మితను ఆట మాన్పించడానికి ఓరోజు తండ్రి సూరన్న వచ్చాడు.

"ఆడపిల్లకి ఈ ఆటలేటమ్మా? కాలిరిగితే ఎవుడు సూస్తాడు?"

నూకరత్నం వాదించలేదు. "మావా, గోల్లో నిలబడు. నీ కూతురు మూడు కొడతాది. ఒక్కటాపినా పిల్లని తీసుకుని ఎల్లిపో."

సూరన్న నవ్వుతూ లుంగీ ఎగ్గట్టాడు. మొదటి బంతి ఎటు పోయిందో అతనికి తెలియలేదు. రెండోది చేతుల్ని తాకి మరీ లోపలికి దూసుకుపోయింది. మూడోది కొట్టకముందే నూకరత్నం మిగతా పిల్లల దగ్గరికి నడిచింది.

ఈసారి సూరన్న అడ్డంగా దూకి నేలమీద పడ్డాడు. బంతి మాత్రం వలలో ఉంది. సస్మిత బెదురుగా చూసింది. అతను మోచేతులు దులుపుకుని లేచి, బంతిని ఆమెవైపు విసిరాడు.

"ఇంకోటి కొట్టమ్మా!"