పెళ్ళిసూటుకు కత్తెర పడిన రోజు

రండమ్మా, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. మిషను ఆపేశాను, ఇస్త్రీపెట్టె ప్లగ్గు కూడా పీకేశాను. దర్జీ పనిలో మరచిపోలేని గిరాకీ ఏదని మీరు అడిగారు కనుక చెప్తున్నాను. వేల జాకెట్లు కుట్టిన చేతులివి. తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది మాత్రం ఒక్క సూటే, అదీ నేను కొత్తగా కుట్టింది కాదు.

రెండువేల సంవత్సరం, జనవరి నెల. సిడ్నీలో వెస్ట్‌మీడ్, పెద్దాసుపత్రి వెనక వీధిలో మా అద్దె ఫ్లాటు. మా ఆయన ఆసుపత్రి వంటగదిలో పనిచేసేవాడు. నేను ముందుగదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని మనవాళ్ళకు జాకెట్లు కుట్టేదాన్ని, చీరలకు ఫాల్సు వేసేదాన్ని. చదివింది అయిదో తరగతే గానీ పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. నరసరావుపేటలో మా నాన్న దర్జీ. ఆయన నాకు రెండు సంగతులు గట్టిగా చెప్పాడు. ఒకటి, కచ్చా కుట్టు వేసి ఒంటి మీద చూడందే పక్కా కుట్టు వేయొద్దని. కచ్చా కుట్టంటే తెల్లదారంతో చేత్తో వేసే పెద్దపెద్ద కుట్లు. ఇక్కడ దాన్ని ట్యాకింగ్ అంటారు. లాగితే ఊడొస్తుంది, గుడ్డకు ఏమీ కాదు. రెండోది, బతికున్న మనిషి తొడుక్కునే గుడ్డకు ఆ మనిషి తన నోటితో చెప్పందే కత్తెర పెట్టొద్దని. ఎందుకని అడిగితే, "కోసిన గుడ్డ మళ్ళీ అతుక్కోదే పిచ్చిదానా" అని నవ్వేవాడు.

ఆ నెలలోనే ఒకరోజు సుజాత వచ్చింది. గిరావీన్‌లో ఉండే ఒంగోలు వాళ్ళు. వాళ్ళాయన రఘురాం గారు నన్ను చెల్లెమ్మా అని పిలిచేవారు, కనుక సుజాతకు నేను వదినను. సంచిలోంచి ఆయన పెళ్ళిసూటు తీసి బల్ల మీద పెట్టింది. నల్లది, ఒంగోల్లో కుట్టించింది, మంచి ఉన్ని గుడ్డ. చూడగానే నా చెయ్యి దాని మీదకు పోయింది. వెనక మా మేనకోడలు వరసయ్యే పిల్ల, వాళ్ళమ్మాయి శ్రావణి.

"వదినా, దీన్ని మా పిల్ల కొలతకు తగ్గించాలి. వచ్చే గురువారం కాక, ఆ పై గురువారానికి కావాలి" అంది సుజాత.

"అన్నయ్య గారు ఇచ్చేశారా?"

సుజాత కిటికీ వైపు చూసింది. శ్రావణి ఊరుకోలేదు. "నాన్నకి తెలీదు ఆంటీ. తెలిస్తే బిగ్ ఇష్యూ అవుతుంది."

అప్పుడు విషయం బయటికొచ్చింది. శ్రావణి యూనిలో, అంటే యూనివర్సిటీలో, బయాలజీ చదువుతోంది, రెండేళ్ళు అయ్యాయి. బయాలజీ అవగానే మెడిసిన్ అని రఘురాం గారు తెలిసినవాళ్ళందరికీ చెప్పేసుకున్నారు. పిల్ల మనసు మాత్రం లా మీద ఉంది. వాళ్ళ యూనిలో ఒక అడ్డదారి ఉందట. అడ్డదారంటే తప్పుదారి కాదు, దగ్గరి దారి. రెండేళ్ళు బయాలజీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళను, డిగ్రీ పూర్తికాకుండానే మూడో ఏట లా తరగతుల్లో కూర్చోనిస్తారు. ఆ ఏడు చదివిన లా పాఠాలు రెండు డిగ్రీలకూ చెల్లుతాయి. ఒకటి ముగించి రెండోది మొదలుపెట్టేకన్నా ఒక ఏడు కలిసొస్తుంది. సీట్లు కొన్నే, పిలిచి ఇంటర్వ్యూ చేసి తీసుకుంటారు. ఆ ఇంటర్వ్యూకే ఈ సూటు.

"కొత్తది కొందామంటే కార్డు బిల్లులో ఆయనకు కనిపించేస్తుంది వదినా" అని సుజాత గొణిగింది.

నేను నాన్న మాట చెప్పాను. "కచ్చా కుట్టు వేసి పిల్ల ఒంటికి తెచ్చి పెడతాను. కత్తెర మాత్రం అన్నయ్య గారి నోటి మాట వచ్చాకే."

"అంత చాదస్తం ఏంటి వదినా!"

"చాదస్తమే. మా నాన్న ఇచ్చిన ఆస్తి అదొక్కటేనమ్మా."

సీటు వస్తుందా రాదా అన్నది తర్వాతి మాట. ముందు తండ్రి ఔనంటాడా అన్నదే ఆ పిల్ల గొంతులో అడ్డుపడ్డ ముల్లు. ఆ ముల్లు తియ్యకుండా సూటు తెగదని నేను పట్టుబట్టాను.

రఘురాం గారి సంగతి కూడా మీకు చెప్పాలి. ఆయన కంప్యూటరు మనిషి. పాతకాలపు కోబాల్ అనే భాష వచ్చు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తెలియక ఆగిపోతాయని లోకమంతా భయపడిన రోజులవి. దాన్ని సరిచేసేందుకు ఈయన లాంటివాళ్ళను పిలిచి పీట వేశారు. సుజాత అయితే బాత్‌టబ్బు నిండా నీళ్ళు పట్టి, బియ్యం బస్తాలు తెచ్చి మంచం కింద దాచింది. తెల్లారింది, ఏమీ కాలేదు. లైట్లు వెలిగాయి, కుళాయి తిరిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈయన కాంట్రాక్టు మాత్రం ఆ జనవరి నెలాఖరుతో ముగిసిపోయింది.

పిల్ల ఇంటర్వ్యూ వారం దగ్గరపడింది. దానికి ముందటి శనివారం శ్రావణి ట్రయల్‌కు వచ్చింది. లోపలి గదిలో అద్దం ముందు సూటు వేసుకుంటోంది. తలుపు చప్పుడైతే సుజాత అనుకుని తీశాను. ఎదురుగా రఘురాం గారు.

"చెల్లెమ్మా, నా సూటు నడుము వదులు చెయ్యడానికి నీకిచ్చానంది మీ వదిన. సోమవారం నాకు ఇంటర్వ్యూ. అయిందా?"

పెట్టెలో సూటు కనబడక ఆయన అడిగితే, ఆ తల్లికి తోచిన అబద్ధం అది. నేను నోరు తెరిచేలోపే లోపలినుంచి పిల్ల వచ్చేసింది, ఒళ్ళంతా తెల్లదారాలతో. "ఆంటీ, ఈ స్లీవ్ ఇంకా లాంగ్‌గా ఉంది..."

తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పోలికలు అచ్చంగా అవే, పొడుగూ అదే.

"ఏంటే ఇది? ఫ్యాన్సీ డ్రెస్సా?"

పిల్ల దాచలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"మెడిసిన్ అన్నావు కదే!"

"నేననలేదు నాన్నా. మీరే అందరికీ అనౌన్స్ చేశారు."

"డాక్టరు కావాల్సినదానివి, చెట్టుకింద ప్లీడరువి అవుతావా?"

"ఇక్కడ చెట్టు కింద కూర్చుంటే మాగ్‌పై పిట్టలు వచ్చి నెత్తిన పొడుస్తాయి నాన్నా. కోర్టులోనే కూర్చుంటా."

నాకు నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన నవ్వలేదు.

"ఇన్నాళ్ళు చదివిన బయాలజీ ఏం కావాలి? గంగలో కలపాలా?"

"లిజన్ నాన్నా. బయాలజీ వదలను. అది కూడా పూర్తి చేస్తా. ల్యాబ్‌లో రక్తం చుక్క చూసి ఎవరిదో చెప్పడం నేర్పారు మాకు. అదే చుక్క కోర్టుకి వెళ్తే, దాన్ని చదవడం లాయర్లకి రాదు. సైంటిస్టుకేమో కోర్టు మాట రాదు. మధ్యలో ఎవరో ఏమీ చెయ్యనివాడు జైలుకి పోతాడు. ఆ మధ్యలో నేనుండాలి."

ఆయన తల అడ్డంగా ఊపారు. తర్వాత, "రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళు ఏమవుతారో తెలుసా? విప్పు" అన్నారు.

పిల్ల విప్పి ఇచ్చి, వంటగదిలోకి పోయి గోడవైపు తిరిగి నిలబడింది. నేను ఆయన ముందే కూర్చుని తెల్లదారాలు ఒక్కొక్కటే లాగాను. భుజాలు తెరుచుకున్నాయి, చేతులు సాగాయి, సూటు మళ్ళీ ఆయనదైంది.

"ఎక్కడా కొయ్యలేదా?" అన్నారు ఆశ్చర్యంగా.

"మీరు చెప్పలేదుగా అన్నయ్య గారూ."

నడుము దగ్గర లోపల వదిలిన గుడ్డ పుష్కలంగా ఉంది. ఒంగోలు దర్జీ మంచివాడు, మనిషి లావవుతాడని ముందే ఆలోచించాడు. వదులు చేసి ఇచ్చాను. పట్టుకుని వెళ్ళిపోయారు. ఆదివారం సుజాత ఫోను చేసి, ఇంట్లో ఎవరి కంచం వారిది, ఎవరి మూల వారిది అని ఏడ్చింది. చాదస్తం మానుకుని ఉంటే పిల్ల పని అయిపోయేది కదా అని నాకూ మనసు పీకింది. అల్లా మీద భారం వేసి ఊరుకున్నాను.

సోమవారం ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం దాటాక తలుపు తట్టారు. కోటు చేతి మీద వేసుకుని, చొక్కా చెమటతో అతుక్కుపోయి, రఘురాం గారే. మజ్జిగ ఇస్తే గటగటా తాగి, గిరాకీలు కూర్చునే కుర్చీలో కూలబడ్డారు.

"ఎట్లా జరిగింది అన్నయ్య గారూ?"

"బాగానే మాట్లాడారు చెల్లెమ్మా, మర్యాదస్తులే. కోబాల్ కాకుండా ఇంకేం వచ్చు అని అడిగారు. నీళ్ళు నమిలాను." గ్లాసు కింద పెట్టారు. "మా పిల్లను రెండు పడవలని వెక్కిరించాను. నాకున్నది ఒక్క పడవే. ఒడ్డు చేరింది, దిగమన్నారు. దిగి ఎటు పోవాలో తెలీక రైలెక్కి ఇక్కడికొచ్చాను."

ఇంకో గ్లాసు మజ్జిగ పోశాను. ఆయన తాగలేదు. లేచి, మా ఆయన ప్యాంటు ఒకటి అడిగి లోపల మార్చుకొచ్చి, తన కోటునూ ప్యాంటునూ బల్ల మీద పరిచారు.

"దానిది గురువారమేగా? పెట్టు కత్తెర."

"కోస్తే మళ్ళీ అతుక్కోదు అన్నయ్య గారూ. మీకు ఇంకా ఇంటర్వ్యూలుంటాయి."

"చొక్కా, టై చాలు నాకు. నోటితో చెప్తున్నాగా చెల్లెమ్మా. పెట్టు."

సుద్దతో గీత గీశాను. గుడ్డ జారకుండా అవతలి అంచు ఆయనే పట్టుకున్నారు. "కుడి భుజం కొంచెం ఎత్తు దానికి, చూసుకో. చిన్నప్పటి నుంచీ బ్యాగు అటే వేసుకుంటుంది" అన్నారు. ట్రయల్ రోజే నేనది గుర్తు పెట్టుకున్నాను. అయినా, "అట్లాగే అన్నయ్య గారూ, మంచిమాట చెప్పారు" అన్నాను. ఆ మాట ఆయన నోట వినడం కోసమే కదా నాన్న నన్ను ఆగమన్నది! కత్తెర పడింది. ఆయన కళ్ళు చెమర్చాయి, నావి కూడా.

గురువారం పొద్దున సూటు వేసుకున్న పిల్లను ఆయనే కార్లో దింపి వచ్చారు. సీటు వచ్చింది. ఆ చలికాలమంతా వాళ్ళింట్లో భోజనాల బల్లకు ఒక చివర కూతురు లా పుస్తకాలు, ఇంకో చివర తండ్రి కొత్త కంప్యూటరు పాఠాలు. చప్పుడు చెయ్యొద్దని ఒకరినొకరు కసురుకునేవాళ్ళని సుజాత మురిసిపోతూ చెప్పేది. ఆయనకూ పని దొరికింది. పిల్ల రెండు డిగ్రీలూ పట్టుకుంది. ఇప్పుడు కోర్టులో నిలబడి, రక్తం చుక్కకు నోరై మాట్లాడుతోంది.

నాకేం దక్కిందంటారా? ఆ సూటు ఎవరు కుట్టారని శ్రావణిని అడిగిన ఆడపిల్లలంతా నా దగ్గరికొచ్చారు. జాకెట్లు కుట్టుకునే మస్తాన్‌బీ అట్లా కోట్లు కుట్టే ఆంటీ అయింది. మా పిల్లల చదువులు ఆ కోట్ల మీదే సాగాయి. ఆ ఇంటికి నేను రుణపడ్డానంటాను, ఆ ఇంటివాళ్ళు తామే నాకు రుణపడ్డామంటారు. ఎవరిది ఎక్కువో మేము తేల్చుకోలేదు. కోటుకు లోపలి లైనింగు చిరిగితే శ్రావణి ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంది.

ఆ సూటు నాకు నేర్పింది ఒకటే. పని తెలిసిన చేతికి కొయ్యడం కష్టం కాదు. ఔనన్న మాట వచ్చేదాకా కత్తెర పట్టుకుని ఆగడం కష్టం. ఆగితే, వచ్చిన మాట గుడ్డకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇక లేవండమ్మా, మీ ఇంట్లో ఎదురుచూస్తుంటారు. మీ ఇంటి పిల్లలు కోరుకున్న దారికి మీ పెద్దల నోట మంచిమాట తోడుగా రావాలి. మీ పెట్టెలో బట్టలు చిన్నవైనా మీ మనసులు ఇరుకు కాకూడదు. అల్లా మీ గడపను చల్లగా చూడాలి.