మదర్‌బోర్డు పొయ్యిందన్నారు

మా బావకి తెలియని మిషను ఉదయగిరి చుట్టుపక్కల లేదు. ఆ మాట ఊరోళ్ళు అనలా, ఆయనే అంటాడు. బోరు మోటారు కాలినా, ట్రాక్టరు మొరాయించినా, పక్కింటోళ్ళ మిక్సీ తిరక్కపోయినా, పోయి నడుం మీద చేతులు పెట్టుకోని నిలబడతాడు. ఆయన నిలబడితే చాలు, మిషను భయపడి బాగైపోద్దని ఆయన నమ్మకం. మా ఆయనకి అన్న, ఇంటికి పెద్ద, ఊళ్ళో పంచాయితీ చెప్పే మనిషి. ఇంక చెప్పేదేముంది, ఆయన ఏదంటే అదే.

అందుకే నా లాప్‌టాపు ఆన్ కాని రోజు, అత్త నన్ను అడక్కుండానే దాన్ని చార్జరుతో సహా తీసుకపోయి వసారాలో ఆయన ముందర పెట్టింది.

మరుసటి రోజు సాయంత్రం నాలుగింటికి నాకు డెమో క్లాసు. ఇంట్లోనే కూర్చోని కంప్యూటర్లో పిల్లకాయలకి లెక్కలు చెప్పే ఉద్యోగం. ఫోన్లో కుదరదు, లాప్‌టాపే ఉండాలన్నారు. ఆ పూట రాకపోతే ఇంకో అవకాశం ఉండదని గూడా ముందే చెప్పినారు. ఎమ్మెస్సీ లెక్కలు చదివి, పెళ్ళయిన కాడినుంచి ఈ ఇంట్లో నేను వేసిన లెక్క ఒకటే, మనిషికి ఎన్ని దోసెలని. ఆ ఉద్యోగం నాకెంత కావాలో ఎవురికీ చెప్పలా. చెప్తే నవ్వుతారు.

బావ లాప్‌టాపుని తిప్పినాడు, బోర్లించినాడు, చెవి కాడ పెట్టుకోని ఊపినాడు. టెంకాయ బేరం చేస్తా ఉండాడా ఏంది! నేను వాకిలి కాడ నిలబడి, "చార్జరు ఒకసారి చూడండి బావా," అన్నాను.

"లైటు ఎలగతా ఉండాది గదమ్మా, చార్జరుకేం రోగం? మదర్‌బోర్డు పొయ్యింది," అన్నాడు.

ఆయన పక్కన కూర్చోనుండే పెద్దమనుషులు అవునవునని తలకాయలు ఊపినారు. మదర్‌బోర్డంటే కాలికి తొడుక్కునేదో నెత్తిన పెట్టుకునేదో తెలియని మొహాలు! అత్త లోపల్నుంచే అందుకునింది. "సంపాదించమని మొగుడు అనలా, మేమూ అడగలా. కందకి లేని దురద కత్తిపీటకెందుకంట? పోతే పోనీ." ఆ మొగుడు లారీ మీద పోయుండాడు. ఇంట్లో ఉన్నా అన్న మాటకి ఎదురు చెప్పే రకం కాదులే.

పొద్దున్నే దోసెలు పోసేసి, లాప్‌టాపూ చార్జరూ సంచిలో పెట్టుకోని ఆత్మకూరు బస్సెక్కడానికి బయల్దేరినాను. బావ గేటు కాడే ఉండాడు. "అంతదూరం పోయి మాత్రం ఏం చేస్తావమ్మా, దండగ," అన్నాడు గాని ఆపలా.

ఆత్మకూరులో రిపేరు షాపాయన మొదట నా ఎనకాల చూసినాడు. "ఎవురూ రాలేదా?" అన్నాడు.

"నేనొచ్చినాను గదయ్యా, కనపళ్ళేదా?" అన్నాను.

పిన్ను గుచ్చినాడు, చార్జరు లైటు చూసినాడు, బటన్ నొక్కినాడు. అంతే, వైద్యం అయిపోయింది. "మదర్‌బోర్డు పొయ్యింది," అన్నాడు. వీళ్ళకి ఈ ముక్క ఏ బళ్ళో నేర్పిస్తారో! ఇంకో చార్జరు పెట్టి చూడమన్నాను. ఆ సైజు పిన్ను తన కాడ లేదన్నాడు, అవసరం గూడా లేదన్నాడు. "వారం రోజులు ఇక్కడ పెట్టి పో. మీ ఆయన నంబరియ్యి, ఆయనతో మాట్లాడతా." వారానికి నా ఉద్యోగం ఇంకొకరి ఇంట్లో ఉంటాది. మొత్తం ఆయన చేతిలోంచి లాక్కోని, వైరు చుట్టుకుంటా బస్టాండుకి వచ్చేసినాను.

బస్సులో ఆకలేసింది. పొట్లంలోంచి శెనక్కాయలు నోట్లో వేసుకోబోతే ముక్కుకి ఘాటుగా తగిలింది. చేతికి పురుగుమందు వాసన. సంచి వాసన చూసినాను, లాప్‌టాపు వాసన చూసినాను. పక్కసీటామె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తా ఉండాది. చూస్తే చూడనీ. వాసన చార్జరుది.

మా ఇంట్లో పురుగుమందు ముట్టుకునేది ఒక్క మనిషే, బావ. మినుములో పురుగు పడిందని ఆయన ఆ వారమంతా వీపుకి తగిలించుకునే బ్యాటరీ పంపుతో మందు కొడతానే ఉండాడు. ఆ పంపుకీ ఒక చార్జరు ఉండాది. నాదాని మాదిరే నల్లడబ్బా, నాదాని మాదిరే పిన్ను, నాదాని మాదిరే లైటు, దాని కరెంటు మాత్రం లాప్‌టాపుకి చాలదు. నా మంచం ఎనకాల, ఎప్పుడూ నాది ఉండే ప్లగ్గులోనే దాన్ని పెట్టినారు. చార్జరు మొహం ఎవురు చూస్తారు?

ఇంటికి పోయి చెప్పులు గూడా విడవకుండా ట్రాక్టరు షెడ్డులోకి దూరినాను. పంపు నేల మీద ఉండాది, దానికి నా చార్జరు గుచ్చుండాది. పెరికి లాప్‌టాపుకి పెట్టినాను. బటన్ నొక్కితే తెర ఎలిగింది. ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు, ఒళ్ళు మండి.

బావ వచ్చినాడు. "అట్టా లాగబాకమ్మా, సగం గూడా ఎక్కలా."

"మీకు తెలుసా బావా?"

"తెలియకేంది? పంపుది రాత్రంతా పెట్టినా నిండదు. నీదయితే గబగబా ఎక్కతాది. మందు కొట్టడం అయిపోతే మళ్ళీ నీ మంచం కాడే పెట్టేద్దామనుకున్నా. పురుగు ఆగదు గదమ్మా. నీ క్లాసుదేముంది, ఇంకో రోజు చెప్పుకుంటావు."

వసారాలో ఊపి చూసినప్పుడూ తెలుసు. గేటు కాడ దండగ అన్నప్పుడూ తెలుసు. అంతసేపూ ఆయన్ని ఏమీ తెలియనోడు అనుకున్నా. ఛీ, అదే నయం. ఆ మాత్రం గౌరవం గూడా ఆయనకి ఎక్కువే.

నాలుగింటికి క్లాసు చెప్పినాను. భిన్నాలు. మందు వాసన చేతుల్తోనే చెప్పినాను, ఎక్కడా తడబళ్ళా. అయిపోయినాక తెర మీద మేడం, "చివరగా ఒక ప్రశ్న. ఇంట్లో మీ పనికి అందరి సహకారం ఉందా?" అని అడిగింది. అందర్నీ అడిగే ప్రశ్నేనంట.

తలుపు కాడ బావ ఖాళీ పంపు పట్టుకోని, నా క్లాసు ఎప్పుడైపోద్దా, చార్జరు ఎప్పుడు తీసుకపోదామా అని నిలబడుండాడు. ఆయన మొహంలోకే చూస్తా చెప్పినాను.

"లేదు మేడం. చార్జరు మాత్రం ఈ రోజు నుంచి నా చేతిలోనే ఉంటాది."

ఆమెకి అర్థంగాక నవ్వింది. బావకి అర్థమైంది.