తుపాకి మందు తూచే కాంటా

ఆ చిన్న కాంటా నా దుకాణానికి వచ్చేనాటికి నాకు పని మీద విసుక్కునే ఓపిక కూడా అయిపోయింది. జహీరాబాద్‌లో ముప్పై ఏళ్లకు పైగా కాంటాలు బాగుచేస్తున్నాను. మొదట్లో పత్తి తూచేవి, అల్లం తూచేవి, బంగారం తూచేవి అన్నీ వచ్చేవి. ఇప్పుడు వచ్చేవన్నీ అంకెలు వెలిగే కాంటాలే. బోర్డు పోతే బోర్డు మార్చాలి, బ్యాటరీ పోతే బ్యాటరీ మార్చాలి. కుడి భుజం ఎప్పుడూ లాగుతూ ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కుర్చీలోంచి లేవబుద్ధి కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం న్యాల్‌కల్ వైపునుంచి ఒకామె స్కూటీ మీద వచ్చింది. వెనక ఆమె మామ కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి ధోతి, ఒళ్లో తువ్వాలలో చుట్టిన ఒక పెట్టె. దిగేటప్పుడు కోడలు చెయ్యి ఇవ్వబోతే వద్దన్నాడు.

"కాంటా అబద్ధం చెప్తున్నది మిస్త్రీ," అన్నాడు పెట్టె నా బల్ల మీద పెడుతూ. "పొద్దుగాల ఒక తీరు, మాపటికి ఒక తీరు చూపెడ్తది."

పెట్టె విప్పాను. జానెడు పొడవు కాంటా. ఇనుప పీట, దాని మీద గాట్లు పెట్టిన సన్నటి కాడ, గాట్ల మీద ముందుకూ వెనక్కూ జరిగే చిన్న గుండు. ఒక చివర పళ్లెం, రెండో చివర ముల్లు. చూడగానే ఇది బంగారం తూచేది కాదని తెలిసింది.

"దేన్ని తూస్తరు పటేలా దీంట్ల?"

"కార్తూసులల్ల నింపే మందు."

నా చెయ్యి ఆగిపోయింది. అది గమనించి ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కవరులో ఉన్న తుపాకి లైసెన్సు తీసి చూపించాడు. పొలానికి కాపలాగా తండ్రి కాలంనుంచి ఉన్న తుపాకి అట. చెరకు తోటలో అడవి పందులు పడితే కాలుస్తాడు. ఎక్కువసార్లు గాలిలోకే. కాల్చిన ఖాళీ తూటాలను పారెయ్యకుండా తనే మళ్లీ నింపుకుంటాడు. ఆ కాంటాను ఎప్పుడో హైదరాబాద్‌లో తుపాకులమ్మే దుకాణంలో కొన్నాడు.

"మొన్న ఒకటి తుస్సుమన్నది," అంది కోడలు. "తెల్లారి ఇంకొకటి కాలిస్తె ఎన్కకు తన్నింది. భుజమంత నల్లగ కమిలింది. జర చూడు కాక. దీని ఫికర్‌తోని మామకు అన్నం సయిస్తలేదు."

మందు తక్కువైతే తుస్సుమంటుంది. ఎక్కువైతే తుపాకి గొట్టం, అదే నాళి, పగిలి చెయ్యి పోతుంది, కన్ను పోతుంది. అది నాకూ తెలుసు. "మందు పొడి రవ్వంత కూడ నా దుకాణంల పడొద్దు" అని చెప్పి, బయటే కాంటాను తడిగుడ్డతో తుడిపించి, గుడ్డను నీళ్ల బకెట్లో వేయించాను.

బల్ల సమంగా ఉందో లేదో చూసుకుని కాంటా పెట్టాను. కాడను వేలితో కొద్దిగా నొక్కి వదిలితే ముల్లు ఊగి సున్నా దగ్గర ఆగాలి. అది ఒకసారి పైన ఆగింది, ఒకసారి కింద ఆగింది. కాడ ఎత్తి చూశాను. కాడ కింద కత్తిలాంటి సన్నటి అంచు ఉంటుంది. ఆ అంచు అకీకు అనే రెండు గట్టి రాళ్ల గాడిలో కూర్చుంటుంది. తూకమంతా ఆ గాడి మీదే ఆధారపడి ఉంటుంది. భూతద్దంలో చూస్తే గాడి నిండా నల్లటి జిగురు.

"నూనె ఎవరు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన. తుప్పు పడ్తదని. కుట్టుమిషన్ నూనె."

"కాంటాకు నూనె పెట్టొద్దు పటేలా. దుమ్మంత దానికే అంటుకుంటది."

పుల్లకు గుడ్డ చుట్టి స్పిరిట్‌తో ఆ గాడిని గంటసేపు కడిగాను. కత్తి అంచు మొద్దుబారలేదు. నా పెట్టెలోంచి అయిదు గ్రాముల ఇత్తడి రాయి తీసి పదిసార్లు తూచాను. పదిసార్లూ ఒకటే. ఆయన ముఖం వెలిగింది. వాళ్లు వెళ్లాక నాకూ చాలా రోజుల తర్వాత ఏదో పని చేసినట్టు అనిపించింది.

అయిదు రోజులకు మళ్లీ వచ్చారు.

"మల్ల అదే రోగం," అన్నాడు.

నిజం చెప్పాలంటే, ఇది పాతదైపోయింది, అవతల పడెయ్యండి అందామనుకున్నాను. ఎండలో అంత దూరంనుంచి వచ్చారని ఊరుకున్నాను. గాలి తగలకుండా ఫ్యాను ఆపాను. షట్టరు సగం దించాను. ఈసారి ముల్లు పైకీ కిందికీ పోవడం లేదు. సున్నాకు కొంచెం ఇవతలే బద్ధకంగా ఆగిపోతోంది. ఇది వేరే జబ్బు. ఆ కాంటాలో ముల్లు ఎక్కువసేపు ఊగకుండా ఒక రాగి రేకు రెండు అయస్కాంతాల మధ్య ఆడుతుంది. భూతద్దం అక్కడ పెట్టి చూస్తే అయస్కాంతాలకు గడ్డం మొలిచినట్టు సన్నటి ఇనుప పొడి. అదే రేకును రాస్తోంది.

ఎక్కడి పొడి ఇది? తల పక్కకు తిప్పితే ఇనుప ముక్కలు అరగదీసే నా సానరాయి కనిపించింది. ఆ రోజు కడిగిన కాంటాను ఆరబెట్టింది దాని పక్కనే.

చెప్పకపోయినా వాళ్లకు తెలియదు. అయినా చెప్పాను. "ఇది నా తప్పే పటేలా. నా సానరాయి పొడి."

ఆయన నవ్వాడు. "నూనె పెట్టిన తప్పు నాది, పొడి తప్పు నీది. చెల్లుకు చెల్లు."

అంటుకునే టేపు ముక్కలతో ఆ పొడిని రవ్వ రవ్వా ఏరేశాను. మళ్లీ పదిసార్లు తూచాను. ఈసారి ఏ అనుమానమూ లేదు.

వారం తర్వాత కోడలు ఫోను చేసింది. "కాక, మల్ల తప్పు చూపెడ్తున్నదంట. మామ జహీరాబాద్ రానంటున్నడు. మీరే ఒక్కసారి ఇంటికి రాండ్రి."

పోవాలనిపించలేదు. భుజం నొప్పి. అయినా పోయాను. మోటారుసైకిలు మీద న్యాల్‌కల్ దాకా ఆ దారి ఎప్పుడూ లేనంత పొడుగ్గా తోచింది. ఆయన తన గదిలో బల్ల సిద్ధం చేసి ఉంచాడు. మందు డబ్బా అక్కడ లేకుండా ముందే తీయించాను. బల్ల కదలడం లేదు. కిటికీ మూసి ఉంది. నేను అయిదు గ్రాముల రాయి పదిసార్లు తూచాను, సరిగ్గా ఉంది. కోడల్ని తూచమన్నాను. ఆమెకూ సరిగ్గానే వచ్చింది.

"ఇప్పుడు మీరు తూయుండ్రి పటేలా."

వాళ్లమ్మది బీదర్ దిక్కు కావడంతో ఆయన సన్నగా గొణుగుతూ కన్నడంలో లెక్కపెట్టుకుంటాడు. ఒందు, ఎరడు, మూరు. రాయి పెట్టి వేళ్లు తీసేటప్పుడు చెయ్యి సన్నగా వణుకుతోంది. గోరు పళ్లేన్ని తాకుతోంది. ముల్లు ఆగకముందే కింది నుంచి మెడ వంచి చూస్తున్నాడు. కుడి కంట్లో తెల్లటి పొర. పదిసార్లలో నాలుగుసార్లు తేడా వచ్చింది. అది ఏ తేడానో నాకు అర్థమైంది. కోడలికీ అర్థమైంది. ఆమె తలుపు దగ్గర నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది.

నాకు చెప్పబుద్ధి కాలేదు. "గాలి ఏమన్న తగులుతున్నదేమో..." అన్నాను.

"గాలి లేదు మిస్త్రీ," అన్నాడు ఆయన. "కిటికి మూసే ఉన్నది."

ఆయన తన చేతిని బల్ల మీద పరిచి చాలాసేపు చూసుకున్నాడు.

"మామా, కండ్ల ఆపరేషన్ చేపిద్దాం. రేపే దవాఖానకు పోదాం," అంది కోడలు.

"కండ్లకు చేపిస్తవు. చేతికేం చేపిస్తవు బిడ్డా?"

తిరిగి వస్తుంటే నా మీద నాకే కోపం వచ్చింది. మొదటి రోజే ఆయన చేత ఒక్కసారి తూయించి ఉంటే సరిపోయేది. ఇన్నేళ్లుగా కాంటాను చూడటమే నేర్చుకున్నాను, తూచే మనిషిని చూడాలని తోచలేదు. తోచినా ఏం చేసేవాణ్ణో తెలియదు.

నెల తర్వాత ఆయనే ఫోను చేశాడు. తుపాకిని ఠాణాలో అప్పగిస్తున్నానని, తోడు రమ్మని. కొడుకు మిల్లుకు చెరకు తోలుకుపోయాడట. ఠాణాలో బెంచీ మీద సగం రోజు కూర్చున్నాం. లైసెన్సు జిరాక్సు కావాలంటే నేను పోయి తీయించుకొచ్చాను. మిగిలిన తూటాలు, మందు డబ్బా కూడా బల్ల మీద పెడితే కానిస్టేబులు రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆయన తుపాకిని బల్ల మీద పడుకోబెట్టాడు గానీ చెయ్యి వెంటనే తీయలేదు. కానిస్టేబులు కాగితం రాయడం అయిపోయేదాకా ఆ చెయ్యి నాళి మీదే ఉంది.

బయటికొచ్చి చాయ్ తాగాం. సాసర్లో పోసుకుంటే కొంచెం ఒలికింది. ఇద్దరం చూడనట్టే ఉన్నాం.

"కోడలు పాత చీరలన్ని చెరకు చుట్టు కట్టింది," అన్నాడు. "పందులు చీరలకు భయపడ్తయా మిస్త్రీ?"

"తెల్వదు పటేలా. కొన్ని దినాలు భయపడ్తయేమో."

"కొన్ని దినాలే," అన్నాడు, సాసరు కింద పెట్టి. తర్వాత న్యాల్‌కల్ ఆటో వచ్చింది. కోడలు చెయ్యి ఇవ్వడానికి అక్కడ లేదు. నేను చెయ్యి ఇస్తే, ఈసారి వద్దనలేదు.