ఆవిరి పైపులో చప్పుడు

మా హాస్టల్ వంటగదిలో మంట ఉండదు. కొత్తగా వచ్చినవాళ్లు మొదట దాని కోసమే వెతుకుతారు. గోడ వెంట పెద్ద పెద్ద స్టీలు గిన్నెలు ఇనుప కాళ్ల మీద నిలబడి ఉంటాయి. అన్నం ఉడుకుతుంటుంది. వంగి చూస్తే కింద ఏమీ ఉండదు, గచ్చు చల్లగా ఉంటుంది.

మంట బయట ఉంది. వంటగది వెనక రేకుల షెడ్డులో బాయిలర్ పెట్టారు. దాని పొయ్యిలో కట్టెలు వేసి నీళ్లు మరిగిస్తాం. ఆవిరికి బయటికి పోయే దారి ఉండదు కాబట్టి లోపలే పేరుకుని బలం పుంజుకుంటుంది. ఎంత బలం వచ్చిందో గడియారం లాంటి మీటరు మీద ముల్లు చూపిస్తుంది. ముల్లు ఎర్రగీత దాటితే పైనున్న సేఫ్టీ వాల్వు తనంతట తానే తెరుచుకుని, రోడ్డు దాకా వినబడేలా ఈల వేస్తుంది. చాలినంత బలం వచ్చాక వాల్వు చక్రం తిప్పితే ఆవిరి ఇనుప పైపులో పడి, గోడ దాటి వంటగదిలోకి వస్తుంది. అన్నం గిన్నెలో అడుగున ఉన్న చిల్లుల పళ్లెం గుండా నేరుగా బియ్యంలోకి దూరుతుంది. పప్పు గిన్నెకు రెండు గోడలుంటాయి. ఆవిరి ఆ రెంటి నడుమ తిరుగుతుందే తప్ప పప్పును తాకదు. ఇడ్లీలకు బీరువా లాంటి పెట్టె ఉంది. తలుపు తీసి పళ్లేలు దొంతరగా తోసి, తలుపు బిగించి ఆవిరి వదులుతాం.

ఇవన్నీ బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి మాకు రెండు మాటలు చెప్పాడు. ఆవిరి కంటికి కనబడదు, తెల్లగా కనబడేది ఆవిరి చల్లబడి నీటి తుంపరైనాక అన్నాడు. ఇంకొకటి, ఆవిరి దేన్ని తాకితే దాని మీదనే నీరవుతుందనీ, నీరయ్యేటప్పుడు తనలోని వేడంతా అక్కడే వదిలేస్తుందనీ చెప్పాడు. "అన్నం ఉడికేది అందుకే, చెయ్యి కాలేదీ అందుకే" అన్నాడు. మొదటి మాట నాకు వెంటనే అర్థమైంది. రెండోది తర్వాత అర్థమైంది.

మాది అడవి ఊళ్ల ఆడపిల్లల కోసం చర్చి సిస్టర్లు నడిపే హాస్టల్. ఖమ్మం వైపు పొలాలు అయిపోయి, భద్రాచలం వైపు టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంటుంది. నేను ఏన్కూరు దగ్గరి పల్లె నుంచి, మా ఆయన పోయిన తర్వాత, చర్చిలో ఎవరో చెబితే ఇక్కడ వంటపనికి కుదిరాను. అప్పటికే ఒకామె వండుతూ ఉంది. వాగు అవతలి కోయగూడెం ఆమెది. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలిచాను, ఆమె నన్ను చెల్లె అంది. ఇక్కడా అక్క అనే రాస్తాను.

ఆవిరి రాకముందు మేమిద్దరం కట్టెల పొయ్యిల మీద వండేవాళ్లం. అన్నం గుండిగను చెరోవైపు పట్టుకుని దింపేవాళ్లం. పొగకు ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉండేవి. ఆమె నాకు కోయ మాటలు కొన్ని నేర్పింది, నేను వాటిని తప్పుగా పలికితే పిల్లలతో కలిసి నవ్వేది. మంచి రోజులని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనను. అవి పనిరోజులు.

ఆవిరి వచ్చాక పని రెండుగా చీలింది. ఒకరు లోపల గిన్నెల దగ్గర ఉండాలి, ఒకరు బయట బాయిలర్ దగ్గర. హాస్టల్ చూసే సిస్టర్ నన్ను లోపల పెట్టి, అక్కను బయట పెట్టింది. "ఆమెకు మంట సంగతి బాగా తెలుసు" అని కారణం చెప్పింది. సిస్టర్‌ది కోస్తా వైపు. నెమ్మదిగా మాట్లాడుతుంది, ఒకసారి చెప్పిన మాట మార్చదు.

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే అక్క అంది: "గిన్నేండ్లు వండిన. ఇప్పుడు కట్టెలేసుకుంట బయట కూసోమంటున్రు. చర్చికి పోయేటోళ్లకు లోపల, అడివోళ్లకు బయట. గంతే గదా?"

"నేను అడిగిన్నా అక్కా గిట్ల చెయ్యమని?"

"అడగలే. నువ్వెందుకు అడుగుతవ్?"

ఆమె గిన్నె బోర్లించి వెళ్లిపోయింది. మరునాటి నుంచి నాతో మాట్లాడలేదు. ఒకటి రెండుసార్లు పలకరించి నేనూ మానేశాను. చెప్పాల్సింది ఏదైనా ఉంటే అటుగా పోయే పిల్లతో చెప్పించేది: "లోపలున్నామెకు చెప్పు, ఆవిరి తయారైందని." లోపలున్నామె అన్నది నా పేరైంది.

కొన్నాళ్లకు ఇడ్లీ పెట్టె పక్కనున్న వాల్వు బిగుసుకుపోయింది. కొత్తది తెప్పించేదాకా, ఇడ్లీ పెట్టెకు విడిగా వచ్చే ఆ పైపును బయట బాయిలర్ దగ్గరున్న వాల్వుతోనే తెరవడం, మూయడం చేయాలి. అది అక్క చేతిలో ఉంది. మాటలు లేవు కాబట్టి చప్పుళ్లు పెట్టుకున్నాం. నేను పానాతో పైపు మీద ఒకసారి కొడితే తెరవాలి, రెండుసార్లు కొడితే మూయాలి. ఈ ఏర్పాటు కూడా ఒక పిల్ల ద్వారానే మాట్లాడుకున్నాం. బాగానే నడిచింది. ఆమె ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. ఆ మాట ముందే చెప్పాలి.

చలికాలం మొదట్లో కోతులు షెడ్డు మీదికి చేరాయి. పైపుకు చుట్టిన తెల్లటి దూదిపట్టను పీకి పారేశాయి. లోపలి ఆవిరి చల్లబడకుండా పైపుకు కప్పే దుప్పటి అది. అక్కడక్కడా ఇనుము బయటపడింది. మళ్లీ చుట్టించాలని అందరం అనుకున్నాం.

ఒక పొద్దున మంచు బాగా పట్టింది. అన్నం గిన్నెలకు ఆవిరి పోతూనే ఉంది. మొదటి వాయి ఇడ్లీ అయింది. రెండుసార్లు కొట్టాను, అక్క వాల్వు మూసింది. తలుపు తీసి, తెల్లటి పొగ పోయేదాకా ఆగి, పై పళ్లేలు లాగాను. కింది పళ్లెం కోసం కుడి చెయ్యి లోపలికి పెట్టినప్పుడు పైపులో ఠంగుమని ఒక చప్పుడు వినిపించింది. పానా నా చేతిలో లేదు, గిన్నె మూత మీద ఉంది. ఆ చప్పుడు ఎక్కడిదా అని నేను తలెత్తేలోపు పెట్టెలోకి ఆవిరి వచ్చింది.

ఏమీ కనబడలేదు. చేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నట్టయింది, అంతే. తర్వాత అరిచాను.

బయట వాల్వు మూసిన చప్పుడు వెంటనే వినబడింది. అక్క పరుగున వచ్చి నా భుజం పట్టి లాగి, నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకుపోయి చేతిని మోచేతి పైదాకా ముంచి పట్టుకుంది.

"తియ్యకు చెల్లే, తియ్యకు! గట్లనే ఉంచు."

నేను బయటికి లాక్కోబోయాను. ఆమె వదల్లేదు. ఎన్నో నెలల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అదని అప్పుడు నాకు తట్టలేదు.

కూరగాయలు తెచ్చిన ఆటోలోనే భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. అక్క పక్కనే కూర్చుని దారంతా తడిబట్ట మార్చి మార్చి కప్పింది. "ఒక్కటే ఇనబడ్డది నాకు. ఒక్కటి కొట్టినవ్ గదా?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

"నేను కొట్టలే. నాకు గూడ ఇనబడ్డది" అన్నాను.

నన్ను దవాఖానాలో ఉంచుకున్నారు. సిస్టర్ చూడటానికి వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుంది. "మీ ఇద్దరికీ పడదని పిల్లలు కూడా చెబుతున్నారు. నిజం చెప్పమ్మా. కావాలని చేసిందా?"

"లేదు సిస్టర్. పైపుల చప్పుడైంది. నేనూ ఇన్న. ఆమె నేనే కొట్టిననుకొని తెరిచింది."

"చప్పుడు దానంతటదే ఎలా అవుతుంది?"

"నాకు తెల్వది. అయింది మాత్రం నిజం."

సిస్టర్ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నాకు గొప్ప మనసిచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పింది. అప్పుడు తెలిసింది, నేను చెప్పింది ఆమెకు సాక్ష్యంలా వినబడలేదని. ఆదివారం చర్చి నుంచి నన్ను చూడటానికి వచ్చినవాళ్లూ అదే మాటన్నారు: "పాపం, క్షమించింది." నేను ఎవరినీ క్షమించలేదు, క్షమించాల్సిందేమీ లేదు, జరిగింది చెప్పానంతే అన్నాను. అందుకు ఇంకా మెచ్చుకున్నారు. నాకు చేతి మంట కంటే అది ఎక్కువ చికాకు కలిగించింది.

నేను తిరిగి వచ్చేసరికి అక్క లేదు. అన్నీ తేలేదాకా ఇంటి దగ్గరే ఉండమని సిస్టర్ చెప్పిందట. ఆమె ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా కొంగు దులుపుకుని పోయిందని కాపలాదారు చెప్పాడు.

చేతికి కట్టుతోనే లోపలి పని మొదలుపెట్టాను. బరువులు పెద్ద పిల్లలు ఎత్తేవాళ్లు. బాయిలర్ దగ్గర కాపలాదారు కట్టెలు వేసేవాడు కానీ వాల్వులంటే భయపడ్డాడు. చివరికి సిస్టరే కొంగు బిగించి బయట నిలబడింది. ఇడ్లీ పెట్టె వాల్వు ఇంకా రాలేదు. అదే ఏర్పాటు: ఒకటికి తెరవాలి, రెండుకు మూయాలి.

అది మళ్లీ మంచు పట్టిన పొద్దు. పళ్లేలు తీసేశాను, పెట్టె ఖాళీగా తెరిచి ఉంది. ఆ రోజుల్లో నేను దానికి దూరంగానే నిలబడేదాన్ని. పిల్లలకు చట్నీ గిన్నె అందిస్తుంటే పైపు ఠంగుమంది. వెంటనే పెట్టెలోంచి ఆవిరి బుస్సుమని వచ్చి వంటగదంతా తెల్లబడింది. పిల్లలు కేకలు వేస్తూ బయటికి పరిగెత్తారు.

"మూయండి సిస్టర్! మూయండి!" అని అరిచాను.

ఆవిరి ఆగింది. సిస్టర్ గుమ్మంలోకి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఒకసారి కొట్టావు కదా? అందుకే తెరిచాను."

నా ఎడమచేతిలో చట్నీ గరిటె ఉంది, కుడిచేతికి కట్టుంది. పానా కిటికీలో ఉంది. ఆమె వాటిని ఒక్కొక్కటిగా చూసింది. కాసేపటికి అన్నం పైపులో మరోసారి ఠంగుమంది. ఈసారి ఇద్దరం పైపునే చూస్తున్నాం.

సిస్టర్ స్టూలు మీద కూర్చుంది. "నువ్వు చెప్పావు" అంది. "అవ్ సిస్టర్, చెప్పిన" అన్నాను.

ఫోన్ చేస్తే కంపెనీ మనిషి విషయం చెప్పాడు. దుప్పటి ఊడిన చోట పైపు చల్లబడి, లోపలి ఆవిరి నీరై అడుగున నిలుస్తుంది. వెనక నుంచి వచ్చే ఆవిరి ఆ నీటిని ముద్దలా తోసుకుపోయి వంపు దగ్గర గోడకేసి కొట్టినట్టు కొడుతుంది. పైపులన్నీ ఒకే బాయిలర్‌కు కలిసి ఉన్నాయి కాబట్టి, అన్నం పైపులో మోగినా పానాతో కొట్టిన చప్పుడుకూ దానికీ తేడా తెలియదన్నాడు. ఈ మాట ముందే చెప్పాల్సిందని సిస్టర్ అంటే, పైపుకు దుప్పటి ఉన్నంతకాలం ఆ అవసరం రాదన్నాడు.

ఆ మధ్యాహ్నమే సిస్టర్, నేను ఆటోలో అక్క గూడేనికి పోయాం. వాగులో నీళ్లు తక్కువగా ఉన్నాయి, ఆటో దిగి నడిచి దాటాం. అక్క ఇంటి ముందు కందులు చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చింది, నీళ్లిచ్చింది, మళ్లీ కూర్చుని చెరగడం మొదలుపెట్టింది.

సిస్టర్ జరిగిందంతా చెప్పింది. తనూ ఆ చప్పుడుకు మోసపోయానని చెప్పింది. పొరపాటు పడ్డానంది, పనికి రమ్మని అడిగింది.

అక్క చాట ఆపింది. "మీ చెవులకు ఇనబడ్డంక నమ్మిన్రు. ఈమె మొదట్నే చెప్పింది గదా సిస్టర్. కాలింది ఈమె చెయ్యి. ఈమె మాటే నమ్మకపోతిరి, ఇంక నా మాటేం నమ్ముతరు?"

సిస్టర్ నీళ్ల చెంబు కింద పెట్టింది. అవతల ఎవరి ఇంట్లోనో కోళ్లు అరుస్తున్నాయి.

"వస్త" అంది అక్క. "ఒక వారం నేను లోపల, ఒక వారం ఈమె లోపల. గట్లయితేనే వస్త."

సిస్టర్ నా వైపు చూసింది. నా చేతి సంగతి ఆలోచిస్తున్నట్టుంది. "నాకు ఇష్టమే" అన్నాను. మాట మార్చని సిస్టర్ ఆ రోజు మార్చింది.

పైపుకు కొత్త దుప్పటి చుట్టారు. వంపు దగ్గర నీళ్లను మాత్రమే బయటికి వదిలే చిన్న ఇనుప డబ్బా బిగించారు. ఇడ్లీ పెట్టెకు కొత్త వాల్వు వచ్చింది. ఇప్పుడు ఆ పెట్టె దగ్గర నిలబడ్డవాళ్లే దాన్ని తెరుస్తారు, మూస్తారు.

అక్క లోపల పనిచేసిన మొదటి రోజు అన్నం మెత్తగా అయింది. ఆవిరి ఎక్కువసేపు వదిలింది. పిల్లలు వంక పెట్టలేదు. నేనూ పెట్టలేదు. వారం తిరిగేసరికి నాకంటే బాగా వండింది.

బయట పని నేననుకున్నంత చెడ్డది కాదు, అక్క అనుకున్నంత చిన్నదీ కాదు. ముల్లును, గాజుగొట్టంలో నీటి మట్టాన్ని చూస్తూ కూర్చోవాలి. కళ్లు తిప్పడానికి లేదు. లోపలి నుంచి పిల్లల మాటలు వినబడతాయి కానీ ఏమంటున్నారో తెలియదు. అక్కడ నెలల తరబడి ఒంటరిగా కూర్చోవడం ఎట్లా ఉంటుందో మూడో నాటికి తెలిసింది.

మేము మునుపటిలా అయ్యామని మావాళ్లు అనుకుంటారు. కాలేదు. పనికి కావలసినంత మాట్లాడుకుంటాం. పండక్కి ఒకరింటికి ఒకరం పోము. నా వంతు బయట ఉన్నప్పుడు మాత్రం, మొదటి వాయి దిగాక, అక్క ఒక పిల్లతో చాయ్ పంపుతుంది. చక్కెర చాలా తక్కువ వేస్తుంది, ఆమెకు అట్లాగే ఇష్టం. ఇంకాస్త వెయ్యమని నేను అడగను. తాగి గ్లాసు కడిగి పంపిస్తాను.