ఊపు ఆగని పొగగొట్టం

మా ఆయన ఇనుప పొగగొట్టాలు నిలబెట్టే మేస్త్రీ. గొట్టం నిలబెట్టాక గాలి లేని పొద్దు చూసి, పైన ముందే కట్టి ఉంచిన తాడును పది మందితో లాగించి ఒక్కసారిగా వదిలించేవాడు. అది ఎన్ని ఊపులకు నిలబడుతుందో నేను చూడాలి. అంకెలు రాయడం నాకు రాదు. ఒక్కో ఊపుకు ఒక్కో శనక్కాయ ఒడిలోంచి తీసి నేల మీద పెట్టేదాన్ని. ధర్మవరం గొట్టానికి ఇరవై రెండు కాయలు. దానికి లోపల ఇటుక కట్టు ఉండేది, ఊపును చంపేది అదే.

హిందూపురం అవతల ఫ్యాక్టరీలో పెట్టింది ఉత్త ఇనుము. ఒడిలో కాయలన్నీ అయిపోయినా అది ఊగుతూనే ఉంది.

ఊపు ఎంత తొందరగా చస్తుందో ముందే ఒక అంకె అనుకుని ఇంజనీర్లు లెక్క వేస్తారట. ఈ గొట్టానికి లెక్క వేసిన ఇంజనీరు దగ్గరికే మా ఆయన పోయాడు.

"సార్, దీని ఊపు తొందరగా సచ్చేది కాదు. ఆషాఢం గాలి వస్తాండాది. పైన నిచ్చెన బిగించేకి నేనే ఎక్కల్ల."

"ధర్మవరం గొట్టానికి వేసిన అంకే దీనికీ వేశాను. అది బాగానే ఉంది కదా?"

"దాండ్లో ఇటుక ఉండాది సార్. దీండ్లో ఏముండాది?"

"మీ ఇంటామె శనక్కాయలు చూసి డిజైను మార్చమంటావా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను ఆ బల్ల పక్కనే క్యారియర్ విప్పుతున్నాను. మనిషన్నాక పొరపాటు పడతాడు. ఈ ఇంజనీరు పొరపాటు పడలేదు. పాత కాగితం మీద ఊరి పేరు కొట్టేసి కొత్తది రాసుకున్నాడు. బల్ల మీదున్న ఆ కాగితంలో కొట్టివేత చదువు రాని నాకూ కనిపించింది.

మూడో రోజు గాలి లేచింది. పెద్దదేం కాదు, ఆరేసిన చీర ఎగిరేంత. అది పడమర నుంచి వస్తుంటే గొట్టం దానికి అడ్డంగా, ఉత్తరానికీ దక్షిణానికీ ఊగింది.

"ఎక్కు మేస్త్రీ, ఏం కాదు" అన్నాడు ఇంజనీరు.

మా ఆయన నడుం బెల్టు విప్పి బల్ల మీద పెట్టాడు. "నీ అంకె మీద నమ్మకముంటే నువ్వెక్కు సార్. కిందుండి కాయలు నేను లెక్కపెడతా."

ఇద్దరూ ఎక్కలేదు. వారం తిరక్కముందే గొట్టం అడుగున అతుకు వెంట్రుకంత చీలింది. క్రేన్ తెచ్చి అతుకు బాగుచేసి, పైభాగాన మెలికలుగా రేకు పట్టీలు చుట్టారు. ఊపు తగ్గాకే మా ఆయన ఎక్కి నిచ్చెన బిగించి దిగాడు.

"ఇది ఊగుతుందని నాకు మొదటే అనుమానం" అని ఓనరుకు చెబుతున్నాడు ఇంజనీరు. చెప్పి, మా పక్కన కూర్చుని సంగటికి పళ్లెం చాపాడు. గిన్నె ఆయన ముందు పెట్టి లేచి వచ్చేశాను. ఆకలన్న మనిషికి నా చేత్తో వడ్డించకపోవడం అదొక్కసారే.